రేఖాగణిత పరిషత్తులును తెనుగుభాషయు

మన దేశమున విద్వత్సభలకు కొదవ లేదు. ఒక్కొక్క సభ యొక్కొక్క పెండ్లివలె ఆర్భాటముగా జరిగి, తోరణపు టాకులు వాడకముందే మఱపున బడుచున్నది. పెండ్లికి వచ్చిన బంధువులు విందారగించి వెడలిపోయినను ఇంటికి కోడలు మిగులును. సభ ముగిసిన పిమ్మట ఆ యూరికి మిగులున దేమి యను ప్రశ్న నెవ్వరును వేయుట లేదు. ఆ ప్రశ్ననే యిచట వేయదలచితిని.

2020వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీ మొదలు 15వ తేదీవఱకు, మా సంగారెడ్డి జిల్లాలోని కందియొద్ద నున్న హైదరాబాదు ఐ.ఐ.టి.లో నొక అంతర్జాతీయ సభ జరిగినది. అల్గారిథములును వివిక్త గణితమును దానికి విషయములు. కాల్డాం అని దానికి పొట్టిపేరు. 2015లో కాన్పూరున మొదలైన వరుసలో నది యాఱవది. ఆ వరుస సభలు చర్చించు శాస్త్రములలో గణన రేఖాగణిత మొకటి. అనగా బిందువులు, రేఖలు, బహుభుజులు మున్నగువానిని గూర్చిన ప్రశ్నలకు కంప్యూటరుచే త్వరగాను, తప్పు లేకుండను సమాధానము రాబట్టు మార్గములను వెదకు శాస్త్రము. సభలోని వ్యాసములు స్ప్రింగరు ప్రచురణసంస్థవారి వ్యాసమాలలో 12016వ సంపుటముగా వెలువడినవి. సంపుటము ఆద్యంతము ఆంగ్లము. నారాయణఖేడునుండి కందికి బస్సులో నొక్కపూట ప్రయాణము; ఆ సంపుటమునుండి నారాయణఖేడునకు మాత్రము బాట లేదు.

ఆ సభవారి నొక్కరినే దూఱుటకు నేనిది వ్రాయుట లేదు. కాన్పూరు సభ సంపుటము హిందీలో లేదు. మఱుసటి యేడు తిరువనంతపురమున జరిగిన సభ సంపుటము మలయాళమున లేదు. ఇది యొక సభ యాచారము కాదు, దేశాచారము. 2010 ఆగస్టు 19 మొదలు 27 వఱకు హైదరాబాదున అంతర్జాతీయ గణితశాస్త్రజ్ఞుల మహాసభ జరిగినది గదా! 1897లో జ్యూరిచ్ నగరమున మొదలైన యా మహాసభ భరతఖండమున కాలు మోపుట యదియే ప్రథమము. లిండెన్‌స్ట్రాస్, ఙో బావ్ చావ్, స్మిర్నోవ్, విల్లానీ యను నలుగురికి ఫీల్డ్సు పతకములు మన నగరముననే యీయబడినవి. కంప్యూటరు గణితమునకు సంబంధించిన నెవన్లిన్నా బహుమానమును స్పీల్‌మన్ అందుకొనెను. విశ్వనాథన్ ఆనందు నలువదిమంది గణితజ్ఞులతో నేకకాలమున చదరంగమాడెను. ఆ చదరంగపు ముచ్చటను చెప్పగలవారు నేటికిని మన యుపాధ్యాయులలో దొరకుదురు. పతకములు దేనికి వచ్చినవో తెనుగున నాలుగు వాక్యములలో చెప్పగలవారు దొరకుదురా? చదరంగము తెనుగువానికి తెలిసిన యాట. తక్కినదంతయు తెలియని భాష. వినోదము వీధిలోనికి వచ్చినది. విద్య మందిరములోనే యుండిపోయినది.

ఇట్లనగానే, "పల్లెవాని కీ గొడవ యేల? దున్నుకొనువానికి బహుభుజులతో పనియేమి?" అని యడుగు పెద్దలు కలరు. పరిశోధకులలోనే కాదు, ఉపాధ్యాయులలో గూడ కలరు. వారికి నొక పొలము చూపెదను.

దక్షిణపు గట్టు నూఱు గజములు, ఉత్తరపు గట్టు నలువది గజములు, తూర్పు పడమటి గట్టు లొక్కొక్కటి యేబది గజములు గల చెలక యొకటి యమ్మకమునకు వచ్చిన దనుకొందము. పల్లెలలో వాడుకలో నున్న లెక్క యేది? ఎదురెదురు భుజములను కూడి సగము చేసి, ఆ రెండు సగములను గుణించుట. నూఱును నలువదియు కలిపిన నూటనలువది, దానిలో సగము డెబ్బది. ఏబదియు నేబదియు నూఱు, దానిలో సగ మేబది. డెబ్బదిని ఏబదిచే గుణింపగా 3500 చదరపు గజములు. ముప్పదిమూడడుగుల చదరము గుంట. అనగా 121 చదరపు గజములు. ఆ లెక్కన చెలక 28 గుంటల 112 గజములు. కొనువాడు దాదాపు 29 గుంటలకు సొమ్ము చెల్లించును. దక్షిణోత్తరపు గట్లు సమాంతరములుగా నున్నచో ఆ నేల నిజమైన వైశాల్య మెంత? గట్లనడుమ లంబము నలువది గజములే. డెబ్బదిని నలువదిచే గుణింపగా 2800 చదరపు గజములు, అనగా 23 గుంటల 17 గజములు. ఏడువందల గజముల నేల కొన్నవాని కాగితమున నున్నది, కాలిక్రింద లేదు.

ఈ మోటు లెక్క యొకప్పు డెక్కువగాను, ఒకప్పుడు తక్కువగాను తప్పుచుండిన యెడల, "పోనిమ్ము, దేవుని దయ" యనుకొనవచ్చును. అట్లు కాదు. అది నాలుగు మూలలును సరియైన లంబకోణములైనప్పుడు తప్ప, ఎల్లప్పుడును హెచ్చుగనే చూపును. తగ్గించి చూపుట యెన్నడును లేదు. కారణము పదవ తరగతి విద్యార్థికి తెలుపదగినదే. రెండు భుజముల పొడవులు తెలిసిన త్రిభుజపు వైశాల్యము, ఆ భుజముల నడిమి కోణము లంబకోణమైనప్పుడు మిక్కిలి పెద్దది. అప్పు డది యా భుజముల లబ్ధములో సగము. చతుర్భుజము నొక కర్ణముచే రెండు త్రిభుజములుగా కోసి యీ మాట చెప్పుకొనుడు. రెండవ కర్ణముచే కోసి మరల చెప్పుకొనుడు. ఆ రెంటిని కలుపుడు. మోటులెక్క నిజమునకు పైనే యుండునని తేలును. కావున మోసపోవువాడు ఎల్లప్పుడును కొనువాడే. లాభ మెల్లప్పుడు నొకవైపునకే మొగ్గు తప్పు ఊరిలో నంతకాల మేల నిలిచినదో ఆర్థికశాస్త్రజ్ఞులను అడుగనక్కఱలేదు.

ఇక మోటులెక్కను మాని నాలుగు భుజములను మాత్రము జాగ్రత్తగా కొలిచిన చాలునా? చాలదు. నాలుగు కఱ్ఱలను మేకులతో కూర్చి చట్రము చేసి, ఒక మూలను నొక్కి చూడుడు. కఱ్ఱల పొడవు మాఱదు, చట్రము నడుమ చోటు మాఱును. కర్ణమో లంబమో తెలియనిదే చతుర్భుజమునకు వైశాల్యమే లేదు. నిజాముల కాలపు సర్వేవారు దీనిని బాగుగ నెఱుగుదురు. పదునాఱు అణాలుగా భాగింపబడిన ముప్పదిమూడడుగుల గొలుసుతో పొలము నడుమ నొక ఆధారరేఖను కొలిచి, దానినుండి గట్టుమూలలకు లంబములు తీసి టిప్పనులో వ్రాసినారు. మా నారాయణఖేడు 1956వఱకు బీదరు జిల్లాలోనిది. పిమ్మట మెదకు జిల్లాలోనిది. 2016 అక్టోబరు నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. జిల్లాలు మాఱినవి, సేత్వారులు, పహాణీలు మాఱినవి. గట్టు తగవులు వచ్చినప్పుడు నేటికిని "టిప్పను తీయుడు" అను మాటయే వినవచ్చుచున్నది. ఆ టిప్పనులోని భాష రైతునకు రాదు. అంకెలలో నేది పొడవో యేది లంబమో తెలియదు. అది పాతకాలపు చీకటి యని క్షమింపవచ్చును.

నేటికాలపు చీకటి మాట యేమి? 2020 అక్టోబరులో ధరణి వచ్చెను. 2025 ఏప్రిలు 14వ తేదీనుండి భూభారతి చట్టము వచ్చెను. భూమిహక్కులతో పాటు కొలిచిన పటముగూడ నుండవలెనను నుద్దేశము నీ చట్టమున కలదు. అది మంచి యుద్దేశమే. గొలుసునకు బదులు ఉపగ్రహ సంకేతముల నందుకొను రోవరు యంత్రము పొలములోనికి వచ్చుచున్నది. పొలము మూల యొక్కొక్కటి రెండంకెల జంట యగును. వానిని మన పాఠ్యపుస్తకములలో నిరూపకము లందుము. ఆ జంటలనుండి వైశాల్యమును రాబట్టుట యెట్లు? చుట్టును వరుసగా నడచుచు, ఒక మూల మొదటి యంకెను తరువాతి మూల రెండవ యంకెచే గుణించి, దానినుండి తరువాతి మూల మొదటి యంకెను ముందటి మూల రెండవ యంకెచే గుణింపగా వచ్చినదానిని తీసివేసి, అన్నిటిని కూడి, సగము చేయవలెను. పైన చెప్పిన చెలకకు మూలలు (0, 0), (100, 0), (70, 40), (30, 40) అని వ్రాసి చూచినచో, మొత్తము 5600, సగము 2800. మూలలు నాలుగైనను నలువదియైనను పద్ధతి యొక్కటే. ఇద్దఱి పటములు ఒకదానిపై నొకటి పడినవా, పడినచో నెంత మేర పడినవి యను ప్రశ్నయు నిట్టిదే. దానిని వేగముగా తేల్చుటకు 1979లో బెంట్లీ, ఆట్మను లను నిద్దఱు చూపిన త్రోవ మన కోతకూలీల వరుసవంటిది. కూలీలు చేను ఈ యంచునుండి ఆ యంచునకు వరుసగా జరుగుచు, తమ యెదుట నున్నదానినే చూతురు గాని, చేనంతటిని తడవు కోసారి తిరుగరు. అట్లే యొక గీత పటముపై జరుగుచు, తన్ను తాకు గట్లను మాత్రము సరిచూచుకొనుచు, ఎచ్చట నెచ్చట గట్లు గట్లను కోయుచున్నవో పట్టుకొనును.

ఈ విద్యయే కందిలో పండితులు చర్చించు విద్య యొక్క మొదటి మెట్టు. రేపు ఒక రైతు గట్టు మూడు గజములు జరుగుట ఈ లెక్కవలననే జరుగును. కార్యాలయమున "కంప్యూటరు చెప్పినది" యని యొక్క మాట చెప్పుదురు. కంప్యూటరు తనంత తాను చెప్పదు; దానికొక లెక్క నేర్పినారు; ఆ లెక్కలో నేది యడుగవలెనో యెఱిగిన వాడు అడుగగలడు, ఎఱుగనివాడు చేతులు కట్టుకొని నిలుచును. నలుబది యేండ్లుగా తాను దున్నిన నేలను గూర్చి తన భాషలో ప్రశ్న వేయలేని వాని హక్కు, హక్కుగా నెన్నాళ్లు నిలుచును? దున్నువానికి బహుభుజితో పని లేదనువారు దీనికి సమాధానము చెప్పవలెను.

రెండవ యాక్షేపణ పండితులది. "తెనుగున మాటలు లేవు, ఈ శాస్త్రము దానిలో నిమడదు" అందురు. మాటలు లేకపోవుట భాషదోషము కాదు, మాటలాడనివారి దోషము. అయినను వాదమున కేమి, ఒక సిద్ధాంతమును తెనుగున చెప్పి చూపెదను. ఇమడినదో లేదో చదువరులే తీర్పు చెప్పుదురు గాక.

అనేకమూలలు గల కందుల గోదాము నొకదానిని తలచుకొనుడు. గోడలు వంకరటింకరగా పోవుచున్నవి, మూలలు పండ్రెండు. కదలక నిలుచు కావలివాండ్ర నెందఱి నుంచినచో, లోపలి చోటంతయు నెవరో యొకరి కంటబడును? 1973లో విక్టరు క్లీ యను గణితజ్ఞు డీ ప్రశ్నను చిత్రశాల నుద్దేశించి వేసెను. 1975లో ఖ్వాటల్ అనువాడు దీనిని తేల్చెను. మూలల సంఖ్యను మూటితో భాగింపగా వచ్చునంతమంది, శేషమును విడిచినను, ఎల్లప్పుడును చాలుదురు. కావున పండ్రెండు మూలలకు నలుగురు చాలుదురు. ఆతని నిరూపణము కొంత పొడవైనది. 1978లో ఫిస్క్ అనువాడు దానిని అరపుటలో ముగించెను. అది యిది: గోదాము నేలను, మూలనుండి మూలకు గీతలు గీచి, త్రిభుజములుగా కోయుడు. అట్లు కోయుట యెల్లప్పుడును సాధ్యమే. మూలలకు పసుపు, కుంకుమ, సున్నము అను మూడు రంగులను, ప్రతి త్రిభుజము మూడు మూలలకును మూడు వేఱు రంగులు వచ్చునట్లు, పూయుడు. ఒక త్రిభుజమునకు పూసి, దాని ప్రక్కదానికి జరిగినచో, అచ్చట రెండు మూలలకు రంగు ముందే యుండును. మూడవదానికి మిగిలిన రంగే పడును. ఇట్లు చివరివఱకు పోవచ్చును. పండ్రెండు మూలలకు మూడు రంగులు పంచినప్పుడు ఏదో యొక రంగు నాలుగు మూలలకు మించి పడజాలదు. ఆ రంగుమూలలయందు కావలివాండ్రను నిలుపుడు. ప్రతి త్రిభుజమునకు నొక మూలలో నొకడు నిలిచియుండును. త్రిభుజములో నెచ్చటనుండి చూచినను మూలయంతయు తెఱపియే గనుక వాడు దానినంతను చూచును. గోదామంతయు త్రిభుజములే గదా! పని ముగిసినది.

దీనిలో నేమాట తెనుగువానికి తెలియదు? పసుపు తెలియదా, మూల తెలియదా, కావలి తెలియదా?

మాట నిర్మించుటలోగూడ మనవారికి నొక జాడ్యము కలదు. ఆంగ్లపదమును చూచినతోడనే దానికొక దీర్ఘసమాసమును కట్టనిదే తృప్తి లేదు. మేకులు గ్రుచ్చిన పలకపై నన్నిటిని లోగొని బిగించిన దారపు చుట్టును కుంభాకార పరివేష్టన మని యేల యనవలెను? కొయ్యలన్నిటిని లోనుంచుకొను మిక్కిలి పొట్టికంచె యది. "పొట్టికంచె" యన్నచో నేమి లోపము? సంస్కృతము చదివినవాడనై యుండియు, ఆ భాషపై గౌరవము కొఱతపడకుండగనే యీ మాట చెప్పుచున్నాను. నిరూపకము, కర్ణము, లంబము వంటి సంస్కృతపదములు బడిలో స్థిరపడినవి. వాని నట్లే యుంచుకొందము. క్రొత్తవానికి గట్టు, కంచె, మూల, బాట మున్నగునవి పనికివచ్చినంతవఱకు పనికిరానిండు. అల్గారిథ మను మాటయు మనది కాదనువారికి, అది యాంగ్లేయులదియు కాదని, అల్-ఖ్వారిజ్మీ యను నొక పండితుని పేరు లాటినువారి నోట నలిగి యట్లైనదని చెప్పవలెను. లాటినువారు నలుపగలిగినప్పుడు మనమేల నలుపరాదు?

భాషకు శక్తి లేదనుట చరిత్ర తెలియని మాట. పదునొకండవ శతాబ్దముననే పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెనుగుపద్యములలోనికి తెచ్చెను. ఆ మూలగ్రంథము తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమునందు పుట్టినది. ఆతని రాజధాని మాన్యఖేటము, నేటి మల్‌ఖేడు, మాకు పొరుగుననున్న కన్నడదేశములోనిది. అనగా ప్రక్క రాజ్యమున జైనపండితుడు సంస్కృతమున వ్రాసిన లెక్కలను, రెండువందల యేండ్లు దాటకముందో దాటినపిదపనో, తెనుగు బ్రాహ్మణుడు తెనుగువారి కందిచ్చినాడు. అప్పటికి తెనుగున గణితపరిభాష యెవ్వరు సిద్ధముచేసి యుంచినారు? ఆయనయే చేసికొనెను.

ఇంత వెనుకకు పోనక్కఱయు లేదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను తెనుగున అచ్చువేసినారు. 1917లో ఇదే నగరమున అనువాద కార్యాలయము, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినవి. అచ్చట గణితమును, వైద్యమును, ఇంజనీరింగును ఉర్దూలో చెప్పినారు. దేశభాషలో నున్నతవిద్య చెప్పరాదనువారి నోటికి ముప్పదియేండ్లు తాళము వేసిన ప్రయోగ మది. తెనుగు మాటలాడు ప్రజ మధ్య దానికి తెనుగును ఎన్నుకొనకపోవుట యన్యాయము; సందేహము లేదు. 1948 తరువాత నా యన్యాయమును సరిదిద్దవలసినవారు, ఉర్దూ స్థానమున తెనుగును గాక, ఆంగ్లమును కూర్చుండబెట్టి లేచిపోయినారు. 1968లో తెలుగు అకాడమి పుట్టినది. డిగ్రీ తరగతుల పుస్తకములు కొన్ని తెచ్చినది. పరిభాషను కొంత కూర్చినది. ఆ మెట్టుపై మఱియొక మెట్టు కట్టినవారు లేరు. ఉర్దూవారు ముప్పదియేండ్లు నడచిన బాటలో మనము మూడునాళ్ల సభలో మూడుగంటలు నడువలేమా?

ఇంకొక తెగవారు కలరు. వారు పై రెండు తెగలకంటెను నాకు భయము గొల్పుదురు. "ఇవన్నియు మన పూర్వులకు తెలిసినవే, శుల్బసూత్రములలో నున్నవే, కంది పండితులు క్రొత్తగా చెప్పవచ్చిన దేమి?" అని వీరు సంతృప్తులై కూర్చుందురు. పూర్వులయెడ వీరికి నిజమైన గౌరవ మున్నయెడల పూర్వుల గ్రంథములు తెఱచి చూడవలెను. 628లో బ్రహ్మగుప్తుడు చతుర్భుజ వైశాల్యమునకు రెండు లెక్కలు చెప్పెను. నేను పైన నిందించిన మోటులెక్కను స్థూలమని పేరు పెట్టి, దానిప్రక్కనే సూక్ష్మమైన సూత్రమును వ్రాసెను. ఆ సూక్ష్మసూత్రము, నాలుగు మూలలును ఒకే వృత్తముపై నున్న చతుర్భుజమునకే చెల్లును. మహావీరాదులు దానిని ఎల్ల చతుర్భుజములకును చెల్లునట్లే పలికిరి. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో వారి నిట్టే విడిచిపెట్టలేదు. కర్ణమునో లంబమునో చెప్పక చతుర్భుజ వైశాల్యము నడుగువాడు పిశాచము, దానికి సమాధానము చెప్పువాడును పిశాచమే యని తేల్చివైచెను! తనకు ముందటి మహామహులను గౌరవించుటకు ఆతడు కనుగొన్న విధము, వారి తప్పును పట్టుట. ఆతని వంశమువార మనుకొనువారు ఆతని తరువాతి తొమ్మిదివందల యేండ్లలో పుట్టినదానిని చదువకయే తమదని చెప్పుకొనుచున్నారు. మన రిజిస్ట్రేషను కాగితములలో నాలుగు భుజములు మాత్రమే వ్రాసియున్న వానిని భాస్కరుడు చూచినచో నేమనునో వేఱుగ చెప్పనేల?

తెనుగువారి బుద్ధి యీ శాస్త్రమున తక్కువయా యనిన, కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, అమెరికాలోని బాల్టిమోరునగరమున జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయాచార్యుడైన కొసరాజు సాంబశివరావుగారి పేరు ఈ శాస్త్రము చదువువారికెల్ల తెలిసినదే. గణన రేఖాగణితమునకై ప్రత్యేకించిన మొదటి వార్షిక సభ 1985లో జరిగినది ఆ నగరముననే. కొసరాజుగారును కాలహానును కలిసి 1990ల తొలినాళ్లలో చూపిన పద్ధతి యొకటి కలదు. వేయి గ్రామములున్నచో వానినడుమ దూరములు 4,99,500. అన్నిటిని కొలువవలెనా? ఖేడు ప్రాంతపు తండాలనుండి హైదరాబాదు పేటలకు దూరము చెప్పుమనిన, ప్రతి తండానుండి ప్రతి పేటకు వేఱువేఱుగా నెవ్వడు చెప్పును? "ఖేడునుండి పట్నము" అని యొక్క దూరము చెప్పిన చాలును, తప్పున్నను కొంచెమే. గుంపులు తమ వెడల్పుకంటె చాలదూరముగ నున్నప్పుడు, ఒక గుంపుజంటకు నొక్క దూరమును పెట్టుకొనవచ్చును. అట్టి జంటలు, గ్రామములు వేయియైనచో, అయిదులక్షలు కావు. గ్రామముల సంఖ్యకు కొన్ని మడుగులు మాత్రమే యగునని వారు నిరూపించిరి. ప్రతి బండివాడు నోట ననుకొను మాటకు వారు హద్దును, నిరూపణమును ఇచ్చినారు. ఒక తెనుగువాని పేర వెలసిన యీ మాట తెనుగు బడులలో నెచ్చట నున్నది? అమెరికాలోని పుస్తకములలో నున్నది.

ఆంగ్లమును వెళ్లగొట్టుమని నేను చెప్పుట లేదు. ఆ భాష చదివియే యీ విషయములు తెలిసికొన్నాను; కందిలో చైనావాడును, జర్మనివాడును, బంగాళీయుడును ఒకరి మాట నొకరు తెలిసికొనవలె నన్న నొక ఉమ్మడిభాష కావలెను. వ్యాసములు ఆంగ్లమున నుండనిండు. సభలకు ముందు పరిశోధక విద్యార్థులకు చెప్పు పాఠములును ఆంగ్లముననే యుండనిండు. కాని ప్రజాధనముతో నడచు విద్యాలయముల చేత, కందిలో గాని, వరంగల్లులో గాని, తిరుపతిలో గాని, తెనుగునేలపై జరుగు నట్టి ప్రతి సభకు నొక తెనుగుపూట యుండవలెను. ఆ పూట వక్త యొకడు, సభలోని యొకే యొక ప్రశ్నను తీసికొని, దానిని చుట్టుప్రక్కల హైస్కూలు ఉపాధ్యాయులకును, పిల్లలకును, సర్వేయర్లకును తెనుగున చెప్పవలెను. నలుబది పుటల చిన్న పుస్తకమును ముందుగ నచ్చువేయించి బడులకు పంపవలెను. సభావిందులో నొక పూట మిఠాయి తగ్గించినచో దాని వెల సరిపడును.

"తెనుగున చెప్పగల వక్తలు లేరు" అందురు. తెనుగుబడిలో చదివి ఐ.ఐ.టి. చేరిన పిల్లలు పరిశోధక విద్యార్థులలో నుందురు; వారిని అడుగుడు. మొదట తడబడుదురు, తమ శాస్త్రమును తల్లికి చెప్పి చూడని వాడెవ్వడైనను తడబడును. అవ్వలకును అయ్యలకును చెప్పుచు చెప్పుచు వారి నాలుక తిరుగును. వారికి తోడుగ నొక తెనుగుపండితుడు కూర్చుండి మాటలు సరిచూడవలెను; సరిచూచుట యనగా సమాసములు కట్టుట కాదని ముందుగ నా పండితునకు చెప్పియుంచవలెను.

మా సహోపాధ్యాయులకును ఒక మాట. సభవారు పిలువలేదని కూర్చుండుట మన వృత్తికి తగదు. తరగతి గదిలో సమలంబ చతుర్భుజ వైశాల్యమును సూత్రముగ వల్లె వేయించి, గంట మ్రోగగానే బయటికి వచ్చుచున్నాము. ఆ పిల్లవాని తండ్రి అదే సాయంకాలము మోటులెక్కతో చెలక కొనుచున్నాడు. బడిపిల్లలను తాడును, కొలబద్దను పట్టించి ఊరిబయటి బీడునకు తీసికొనిపోయి, రెండు లెక్కలును చేయించి, తేడా యెన్ని గుంటలో పలకమీద వ్రాయించుటకు ఏ సభవారి యనుమతియు నక్కఱలేదు. ఖేడు ప్రాంతపు బడులలో తెనుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలాడు పిల్లలు కలిసి కూర్చుందురు. తాడు పట్టుకొన్నప్పుడు వారికి దుబాసీ యవసరము లేదు. లెక్క చెప్పవలసినప్పుడు కావలెను. ఆ చెప్పుటకు కావలసిన పుస్తకమునే నేను కంది పండితుల నడుగుచున్నాను. మొదటి పుస్తకమునకు విషయము వెదకుకొన నక్కఱ లేదు: నాలుగు గట్ల పొలము, దాని కర్ణము, దాని పటము. ఆ పుస్తకము వచ్చిననాడు మొదటి ప్రతికి వెల పంపుటకు నేను సిద్ధముగ నున్నాను.